కొర్రమట్ట ఫ్రై పక్కన ఏ వైట్ వైన్? లేత సెమిల్లాన్, దానికి పోటీ వచ్చే సీసాలు

ముందు తీర్పు చెప్పేస్తా, వివరాలు ఆనక. ప్లేట్లో వేయించిన చేప, సకినాలు, సర్వపిండి లాంటివి ఉంటే ఆస్ట్రేలియాలోని హంటర్ వ్యాలీ నుంచి వచ్చే లేత సెమిల్లాన్ తీసుకోండి, అంటే ఈ మధ్యే సీసాకెక్కింది, ఓక్ కట్టె పీపాలో పెట్టనిది. కారం దండిగా పడ్డ నాటుకోడి కూర అయితే కాస్త తీపి తగిలే, షెనిన్ బ్లాంక్ అనే ఇంకో ద్రాక్షతో నాసిక్‌లో చేసే వైట్ వైన్ నయం. సెమిల్లాన్ కోసం హైదరాబాద్ దాకా పోయే ఓపిక లేదు, రేపే దావత్ అంటారా, సావిన్యాన్ బ్లాంక్ అనే మరో ద్రాక్షతో చేసిన వైట్ వైన్ ఏది దొరికితే దాంతో సర్దుకోవచ్చు, పెద్దగా నష్టం లేదు. తలకాయ కూర, బోటి ఉన్న చోట వైట్ వైన్ ఊసే ఎత్తకండి, ఆ పూటకు బీరే మేలు.

ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద రాత ఎందుకంటే, లేత సెమిల్లాన్‌ను మొదటిసారి తాగినవాళ్లలో చాలామంది "ఇందులో ఏముంది?" అని గ్లాసు పక్కన పెట్టేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. ముక్కుతో కొలిచి కొనేవాళ్లకు ఇది ఎప్పుడూ ఓడిపోయే సరుకే. నోట్లో పులుపు ఎంత దూరం నడుస్తుంది, పక్కన ఏం తింటున్నాం, సీసా వయసెంత, ఈ మూడు చూసి ఎంచుకునేవాళ్లకు మాత్రం వేసవిలో దీన్ని మించింది తక్కువ.

సెమిల్లాన్ అంటే ద్రాక్ష రకం పేరు. పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని బోర్డో. తొక్క పలచన, అందుకే అక్కడ సోటర్న్ ప్రాంతంలో శరత్కాలపు పొగమంచుకు కాయలకు ఒక రకం బూజు పట్టి, నీళ్లు ఇగిరిపోయి, తేనెలాంటి తీపి వైన్ తయారవుతుంది. షాటో డికెమ్ అని ఖరీదైన సీసా ఒకటి వింటుంటాం కదా, అందులో ఎక్కువ పాలు ఈ ద్రాక్షే. అదే ద్రాక్ష 1830లలో ఆస్ట్రేలియా చేరి, సిడ్నీకి ఉత్తరాన దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో ఉన్న హంటర్ వ్యాలీలో పూర్తిగా వేరే మనిషైంది. అక్కడ ఎండ ఎక్కువ, ఉక్క ఎక్కువ, సరిగ్గా కోత వేళకు వానలు ముంచుకొస్తాయి. వాన పడితే పలచటి తొక్క కాయ కుళ్లిపోతుంది కాబట్టి పూర్తిగా పండకముందే, జనవరి ఫిబ్రవరిల్లోనే కోసేస్తారు. అప్పటికి కాయలో చక్కెర తక్కువ, పులుపు ఎక్కువ. చక్కెర తక్కువైతే ఆల్కహాలూ తక్కువే, 10 నుంచి 11.5 శాతం దగ్గర ఆగుతుంది. స్టీలు ట్యాంకుల్లో చల్లగా పులియబెట్టి, పీపా వాసన తగలనీయకుండా, కొద్ది నెలల్లోనే సీసాల్లోకి ఎక్కించి మూత తిప్పేస్తారు. వానకు భయపడి మొదలుపెట్టిన పద్ధతి ఆ ఊరికే గుర్తింపు తెచ్చింది. ఒకప్పుడు వాళ్లే దీన్ని హంటర్ రీస్లింగ్ అని అమ్మేవాళ్లు, రీస్లింగ్ అనే వేరే ద్రాక్షకు దీంతో ఏ చుట్టరికమూ లేకపోయినా.

ఇక రుచి చూసే తీరు. గ్లాసులో పోసి ముక్కు పెడితే దొరికేవి నిమ్మతొక్క, కాస్త పచ్చిగడ్డి, ఒక్కోసారి దబ్బకాయ, పచ్చి ఆపిల్, అంతే. రంగు కూడా దాదాపు నీళ్లే, అంచులో కొంచెం పచ్చజీర ఉంటుంది. ఇక్కడ ఆశ వదులుకోవద్దు. చిన్న గుటక తీసుకుని, నాలుక మీద ఒకటి రెండుసార్లు తిప్పి, మింగేసి, నోరు మూసుకుని మాట్లాడకుండా కూర్చోండి. నాలుక అంచుల వెంట, దవడల లోపలివైపు నీళ్లూరడం మొదలవుతుంది. ఆ ఊట ఎంతసేపు సాగుతుంది, మధ్యలో తెగుతుందా, చివర్లో ఏ రుచి మిగులుతుంది, చూడాల్సింది ఇదే. మంచి సీసా అయితే పులుపు గుచ్చకుండా ఒకే తీరుగా నడిచి, చివర్లో నిమ్మగింజ తాలూకు సన్నటి చేదు కనిపించీ కనిపించనట్టు వదిలిపోతుంది. నాసిరకంలో పులుపు ముందే కసిక్కున గుచ్చి, చటుక్కున మాయమై, వెనక ఉత్త నీళ్ల రుచి మిగులుతుంది. పొద్దుగాల చెట్టు దిగిన కల్లుకూ, మధ్యాహ్నం దాకా ఎండలో ఉన్న కల్లుకూ పులుపులో తేడా నాలుకతోనే చెప్పేసేవాళ్లు మన దిక్కు ఊరికి పదిమంది ఉంటారు. వాళ్లను కూర్చోబెడితే వైన్ పుస్తకం ముట్టకుండానే ఈ పరీక్ష నెగ్గుతారు.

చల్లదనం సంగతి కూడా చెప్పాలి. 8 నుంచి 10 డిగ్రీల మధ్య దీనికి బాగుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే మరీ చల్లగా ఉండి, ఉన్న కాస్త వాసన కూడా మూసుకుపోతుంది. చలికాలంలో ఓ పావుగంట బయట పెట్టి పోయండి. మే నెల వరంగల్‌లో అయితే ఆ పావుగంట కాస్తా సీసాను వేడి చేసేస్తుంది, తీసిన ఐదు నిమిషాల్లోనే మొదలుపెట్టి, గ్లాసులో కొంచెం కొంచెమే పోసుకుంటూ సీసాను మళ్లీ ఫ్రిజ్‌లోకి తోసేయడమే దారి. ఐసు ముక్కలు మాత్రం వద్దు, ఈ వైన్‌కు ఉన్నదే పలచటి ఒళ్లు, నీళ్లు కలిస్తే ఇంకేం మిగలదు. గ్లాసు గురించి టెన్షన్ పడకండి. అడుగున వెడల్పు, పైన కాస్త ఇరుకు ఉన్న ఏ గాజు గ్లాసైనా చాలు, స్టీలు గ్లాసు మాత్రం పక్కన పెట్టండి.

ఇప్పుడు పోటీదారుల దగ్గరికి వద్దాం. మొదటిది సావిన్యాన్ బ్లాంక్, ఎందుకంటే మనకు సులువుగా దొరికేది అదే. నాసిక్ వైన్ కంపెనీ సులా వాళ్లు 2000లో మొదటి సీసాలు విడుదల చేసినప్పటి నుంచీ నాసిక్ సావిన్యాన్ మన మార్కెట్లో ఉంది, మహారాష్ట్రలోని అక్లూజ్ నుంచి ఫ్రటెల్లి, మన పక్కన హంపి కొండల నుంచి క్రస్మా అనే కంపెనీలు కూడా చేస్తున్నాయి. సెమిల్లాన్‌కూ దీనికీ ముఖ్యమైన తేడా ముక్కు దగ్గరే తెలిసిపోతుంది. సావిన్యాన్ మూత తీయగానే పలకరిస్తుంది, క్యాప్సికం, జామకాయ, పచ్చిమిర్చి తొడిమ వాసనలు గదిలోకి వచ్చేస్తాయి. కొత్తవాళ్లకు ఇది నచ్చడం సహజం. కానీ ఆ వాసనే తిండి పక్కన ఇబ్బంది పెడుతుంది. కొత్తిమీర, కరివేపాకు, అల్లంవెల్లుల్లి మూడూ ఉన్న ప్లేటు ముందు అదొక నాలుగో గొంతు. సెమిల్లాన్ అయితే నోరు కడిగి తప్పుకుంటుంది, తర్వాతి ముద్ద మొదటి ముద్దలాగే ఉంటుంది. ఉత్తగా, తిండి లేకుండా, మేడ మీద కూర్చుని తాగడానికైతే నా ఓటు సావిన్యాన్‌కే. అన్నం ముందు కూర్చున్నాక నా ఓటు మారుతుంది.

ఈ రెండింటి మధ్య రాజీ కావాలనుకునేవాళ్లకు పశ్చిమ ఆస్ట్రేలియాలోని మార్గరెట్ రివర్ ప్రాంతపు కలగలుపు సీసాలు ఉన్నాయి. లేబుల్ మీద సెమిల్లాన్ సావిన్యాన్ బ్లాంక్ అని రెండు పేర్లూ ఉంటాయి, ఏ ద్రాక్ష ఎక్కువో దాని పేరు ముందు రాస్తారు. వాసన ఒకరిది, నడక ఒకరిది. ఇంటికి వచ్చే పదిమందిలో సగం మందికి వైన్ కొత్త అయితే ఇదే సేఫ్, ఎవరూ మొహం చిట్లించరు. అందరికీ నచ్చుతుంది, ఎవరికీ గుర్తుండదు అని నా ఫిర్యాదు. అది నా రోగం, మీకు ఉండాల్సిన పని లేదు.

బోర్డో తెల్ల సీసాల్లో కూడా ఇదే జంట ఉంటుంది, అయితే అక్కడ ఒక చిక్కుంది. ఆంత్ర ద మేర్ అని రాసి ఉంటే మామూలుగా స్టీలు ట్యాంకు సరుకు, తేలిక, లేతగా తాగేదే. పెస్సాక్ లెయోన్యాన్ అని ఉంటే అది ఓక్ పీపాలో పెరిగిన ఖరీదైన వర్గం, మనం వెతుకుతున్నది కాదు. వెనక లేబుల్ మీద ఫ్యూ ద షేన్ అనే మాట కనిపిస్తే ఓక్ పీపా అని అర్థం చేసుకుని వదిలేయండి. వెనిలా, కొబ్బరి, కాల్చిన కట్టె వాసనలు మీకు ఇష్టమైతే అది వేరే కథ, కానీ చింతపండు పులుసు పక్కన ఆ వెనిలా ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి చాలు. దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా సెమిల్లాన్ గురించి ఒక ముక్క: ఎండ పొడిగా ఉండే చోట కాయ ఇంకాస్త పండుతుంది కాబట్టి ఒళ్లు చేసిన వైన్ అవుతుంది, హంటర్‌కున్న చురుకు ఉండదు, పాతకాలపు తయారీలో ఓక్ కూడా ఉండేది. ఇప్పుడు ఓక్ లేనివీ దొరుకుతాయి. చికెన్ వేపుడుకు పనికొస్తుంది.

షెనిన్ బ్లాంక్ విషయంలో మాత్రం కొంచెం ఆగాలి. వైన్ తెలిసినవాళ్లు కొందరు దాన్ని తీపి అని చిన్నచూపు చూస్తారు. నాసిక్ షెనిన్‌లో కాస్త చక్కెర మిగల్చడం మామూలే, సులా వాళ్లది అలాంటిదే. మన తిండికి ఆ చక్కెరే ఆయుధం. నోరు మండుతున్నప్పుడు ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ ఆ మంటను ఇంకా ఎగదోస్తుంది, పులుపు ఎక్కువున్నది ఒక్కోసారి మంట మీద గీరినట్టు ఉంటుంది, కొంచెం తీపి ఉంటే మంట చల్లబడుతుంది. అందుకే అంకాపూర్ తీరు నాటుకోడి కూర, గరం మసాలా దట్టించి ఎర్రగా వండింది, ముందు పెట్టుకున్నప్పుడు సెమిల్లాన్ ఓడిపోతుంది. ఆల్కహాల్ తక్కువ కాబట్టి మంటను పెంచదు, అదొక్కటే దాని ఊరట. షెనిన్ అక్కడ హాయిగా గెలుస్తుంది, ధర కూడా తక్కువ.

చేప దగ్గర లెక్క తారుమారవుతుంది. కొర్రమట్ట ముక్కలకు ఉప్పు, పసుపు, నిమ్మరసం, అల్లంవెల్లుల్లి పట్టించి, పెనం మీద అంచులు కరకరలాడేలా వేయించి, వేడి వేడిగా తింటూ సెమిల్లాన్ గుటక వేస్తే, నూనె జిడ్డు మొత్తం తుడిచినట్టు పోతుంది. ఇక్కడ ఒక చిట్కా. మామూలు కారం బదులు ఛపాటా మిరప కారం వాడండి, మనోళ్లు టమాట మిర్చి అంటారే, 2025లో వరంగల్ పేరు మీద జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే ముద్ర) వచ్చింది, అదే. రంగు ఎర్రగా దిగుతుంది, మంట తక్కువ, కాబట్టి ముక్క చూడ్డానికి భయపెట్టినా వైన్ బతికి బట్టకడుతుంది. చేపల పులుసుకు కూడా సెమిల్లాన్ నిలబడుతుంది, దానికి కారణం వేరే. ప్లేట్లో ఉన్న పులుపు కన్నా గ్లాసులో పులుపు తక్కువైతే వైన్ చప్పగా, చచ్చినట్టు అనిపిస్తుంది. చింతపండు పులుసు ముందు చాలా వైట్ వైన్లు అలాగే పడిపోతాయి. హంటర్ సెమిల్లాన్ పులుపులో దానికి సమఉజ్జీ. పచ్చిపులుసు మాత్రం దానికీ ఎక్కువే, ప్రయత్నం వద్దు.

శాకాహారులకు శుభవార్త ఏమిటంటే సంక్రాంతి పిండివంటలు దీనికి బాగా కుదురుతాయి. సకినాల్లో నువ్వులు, వాము, బియ్యప్పిండి, నూనె, అంతే కదా. వాము ఘాటూ సెమిల్లాన్‌లోని పచ్చిగడ్డి వాసనా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. సర్వపిండిలో పల్లీలు, శనగపప్పు, కరివేపాకు ఉంటాయి, అడుగు ఎర్రగా కాలిన భాగం ఇంకా బాగుంటుంది. ఉడకబెట్టిన బొబ్బెర గుడాల మీద ఉల్లిగడ్డ, నిమ్మరసం పిండుకుని తిన్నా అంతే బాగుంటుంది. తొక్కులు, ముఖ్యంగా ఆవపిండి వేసిన మామిడి తొక్కు, ఏ వైన్‌నూ బతకనివ్వవు, వాటి జోలికి పోకండి.

సరే, ఎక్కడ కొనాలి? హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైన్స్‌లలో ఫ్రిజ్ నిండా బీర్లే, వైట్ వైన్ ఉంటే పై అరలో ఒకటో రెండో నాసిక్ సీసాలు, అదీ ట్యూబులైటు పక్కన. మా దగ్గర ఒక షాపులో వైట్ వైన్ సీసాలను అద్దాల కిటికీలో ఎండకు వరసగా నిలబెట్టారు, అందంగా కనిపిస్తాయని కాబోలు. అలాంటి చోట కొనొద్దు. లేత వైన్‌కు వెలుగూ వేడీ రెండూ శత్రువులే. సీసాను వెలుగుకు పట్టి చూడండి: లేబుల్ మీద నిన్నమొన్నటి ఏడాది ఉండి, లోపల రంగు బంగారంలా ముదిరిపోయి ఉంటే అది ఉడికిపోయిన సరుకు. మూత దగ్గర జిగట కారినా అంతే. ఇంకోటి, ఆస్ట్రేలియాలో కోత ఏడాది మొదట్లో, ఫ్రాన్స్‌లో సెప్టెంబర్ ప్రాంతంలో. అందుకే లేబుల్ మీద ఒకే సంవత్సరం ఉన్నా ఆస్ట్రేలియా వైన్ వయసు ఓ అర్ధ సంవత్సరం ఎక్కువ.

దిగుమతి సీసాల ధరలు కొంచెం దిగివచ్చే అవకాశం ఉంది. 2022 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చిన భారత్-ఆస్ట్రేలియా ఒప్పందం ప్రకారం, దిగుమతి విలువ 5 అమెరికా డాలర్లు దాటిన సీసా మీద 150 శాతం ఉన్న సుంకం 100 శాతానికి, 15 డాలర్లు దాటిన దాని మీద 75 శాతానికి తగ్గింది. పదేళ్లలో అవి 50కి, 25కి దిగాలి. ఆ పైన రాష్ట్రం వేసే పన్నులు ఎలాగూ ఉంటాయి కాబట్టి సిడ్నీ ధరకు హైదరాబాద్‌లో దొరుకుతుందని కలలు కనొద్దు.

అసలైన దారి చుట్టాలే. వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి సిడ్నీ, మెల్‌బోర్న్ చేరినవాళ్లు తక్కువేం లేరు, దసరాకో పెళ్లికో వస్తూ "ఏమన్నా తేవాల్నా?" అని అడుగుతారు. చాక్లెట్లు వద్దని చెప్పి దీన్ని అడగండి. విదేశం నుంచి వచ్చే పెద్దవాళ్లకు తలకు 2 లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా అనుమతి, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, మూడోది పెడితే పరిమితి దాటుతుంది. చెకిన్ బ్యాగులో బట్టల మధ్య చుట్టి పెడితే చాలు. ఉత్త సెమిల్లాన్ అని చెబితే ఏదో ఒకటి తెస్తారు, హంటర్ వ్యాలీ అనీ, ఈ మధ్య సంవత్సరానిదనీ స్పష్టంగా చెప్పండి. టిరెల్స్, బ్రోకెన్‌వుడ్, మౌంట్ ప్లెజెంట్ పాత, నమ్మదగిన పేర్లు. ఖరీదైనది తేవాలన్న మొహమాటంతో వాళ్లు టిరెల్స్ వ్యాట్ 1 తెస్తారేమో, అది 1963 నుంచి చేస్తున్న ఘనమైన వైనే, కానీ సీసాల్లో కొన్నేళ్లు నిలవ ఉంచాకే అమ్మకానికి వదులుతారు, కాబట్టి అది వేరే రుచి. ఓక్ ముఖం చూడకుండానే, వయసు పెరిగేకొద్దీ కాల్చిన బ్రెడ్డు, తేనె, నిమ్మ మురబ్బా వాసనలు తెచ్చుకోవడం ఈ ద్రాక్ష ప్రత్యేకత. తెలియనివాళ్లు పీపాలో పెట్టారనే అనుకుంటారు.

అది విని, లేతదే కొని ఇంట్లో పదేళ్లు దాచుదాం అనుకునేవాళ్లు ఉంటారు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే ఊళ్లో బీరువాలో దాచిన సీసా పదేళ్లలో కాదు, రెండు వేసవుల్లోనే ఉడికిపోతుంది. పైగా ఈ వైన్ లేతదనం పోయాక ముదిరే దాకా మధ్యలో కొన్నేళ్లు అటూ ఇటూ కాకుండా మూగగా ఉంటుంది. దాచడానికి వైన్ ఫ్రిజ్ లాంటిది లేకపోతే కొన్న కొద్ది నెలల్లో తాగేయండి, అప్పటిదాకా ఫ్రిజ్ కింది అరలో పడుకోబెట్టండి.

ఇంత చదివినా తేల్చుకోలేకపోతే సెమిల్లాన్ ఒకటి, సావిన్యాన్ ఒకటి తీసుకుని, రెండింటికీ పేపరు చుట్టి, ఇంకొకరితో పోయించుకుని పక్కపక్కన తాగి చూడండి. ముందు ఏ తిండీ లేకుండా, తర్వాత వేయించిన చేపతో. మొదటి రౌండులో సావిన్యాన్‌కు ఓటేసినవాళ్లలో ఎంతమంది రెండో రౌండులో మాట మారుస్తారో చూడ్డం కూడా సరదాయే. ఒక్కో సీసాలో 150 మిల్లీలీటర్ల చొప్పున ఐదు గ్లాసులు వస్తాయి, రుచి చూడ్డానికి అందులో మూడో వంతు చాలు. మన రాష్ట్రంలో 21 దాటినవాళ్లకే, బండి నడిపేవాళ్లకు ఆ పూట లేదు, ఈ రెండూ ఎవరికీ గుర్తుచేయక్కర్లేదనుకుంటా. మిగిలిన సీసాకు మూత గట్టిగా తిప్పి ఫ్రిజ్‌లో పెడితే మర్నాడూ ఎల్లుండీ బాగానే ఉంటుంది. నాలుగో రోజుకు వాసన చచ్చి పులుపు ఒక్కటే మిగులుతుంది, అప్పుడు పారబోయకుండా చేపముక్కలకు నిమ్మరసం బదులు పట్టించి అరగంట నానబెట్టండి.